తంగేడుకు రెండు పేర్లు: మీ జాబితాలోని పాత పేర్లను ప్రపంచ డేటాబేస్‌లతో కలపడం ఎలా?

శేషాచలం మొక్కల మీదో, తిరుమల కొండ బల్లుల మీదో, చిత్తూరు చెరువుల్లోని చేపల మీదో మీ దగ్గర ఒక ఎక్సెల్ జాబితా ఉందనుకుందాం. థీసిస్ కోసం చేసింది కావచ్చు, కాలేజీ హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోటు) రిజిస్టరు చూసి ఎక్కించింది కావచ్చు, ఆదివారం పూట కెమెరాలు పట్టుకుని తిరిగే పిల్లలు రాసుకున్నదీ కావచ్చు. అందులో తంగేడు పేరు ‘కాసియా ఆరిక్యులేటా’ అని ఉంది. మీ జూనియర్ చేసిన జాబితాలో అదే తంగేడు ‘సెన్నా ఆరిక్యులేటా’. రెండు ఫైళ్లూ కలిపి లెక్క కట్టమంటే కంప్యూటర్ రెండు జాతులని చెబుతుంది. కొండ మీద ఒక్క మొక్కా కొత్తగా మొలవలేదు, లెక్క మాత్రం పెరిగిపోయింది.

ఇలాంటప్పుడు చాలామంది చేసే పని ఫైండ్ అండ్ రీప్లేస్. పాత పేరు ఉన్నచోటల్లా కొత్త పేరు కొట్టేసి హమ్మయ్య అనుకుంటారు. ఆ పని మాత్రం చేయకండి. పాత పేరు చెరిపేస్తే గ్యాంబుల్ రాసిన మొక్కల గ్రంథం మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరాకూ, ఆ కాలపు హెర్బేరియం షీట్లకూ, పాత వైద్య గ్రంథాలకూ మీ జాబితాకూ మధ్య ఉన్న దారి తెగిపోతుంది. పైగా ఈ రోజు సరైనదనుకుంటున్న పేరు కూడా ఎవరో ఒక శాస్త్రవేత్త తీసుకున్న నిర్ణయమే, రేపు మారొచ్చు. అందుకని రెండు పేర్లూ ఉంచాలి, ఒకదాని నుంచి ఇంకోదానికి లింకు పెట్టాలి, ఆ లింకు ఎవరి మాట మీద పెట్టామో కూడా రాయాలి. ఈ సంగతులు ఏ దేశంలోని కంప్యూటరైనా చదువుకోవడానికే డార్విన్ కోర్, స్కోస్ లాంటి వెబ్ ప్రమాణాలు ఉన్నాయి. పేర్లు విని టెన్షన్ పడక్కర్లేదు, ముప్పాతిక పని స్ప్రెడ్‌షీట్‌లోనే అయిపోతుంది. కోడింగ్ రానివాళ్లు చివర్లో ఎంసీఏ చదివే స్నేహితుణ్ణి ఒక పూట పిలుచుకుంటే చాలు.

ముందు పేర్లను వేరు చేయండి

ఏది పర్యాయ నామమో, ఏది కాదో తేల్చుకోకుండా ఎంత గొప్ప ఫార్మాట్‌లో పెట్టినా లాభం లేదు. సగం టైమ్ ఈ ఒక్క పనికే ఇవ్వండి.

తంగేడునే తీసుకోండి. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ దీన్ని కాసియా అనే ప్రజాతిలో (దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు, ఇంగ్లీషులో జీనస్) పెట్టాడు. వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ దీన్ని సెన్నాలోకి మార్చిన పేరు 1832లో అచ్చయింది. అయినా మన పుస్తకాలు చాలాకాలం కాసియా అనే రాశాయి. 1980ల మొదట్లో ఇర్విన్, బార్న్‌బీ అనే ఇద్దరు కాసియాను కాసియా, సెన్నా, కెమీక్రిస్టా అని మూడుగా విడదీశాకే సెన్నా నిలదొక్కుకుంది. రేల మాత్రం కాసియాలోనే ఉండిపోయింది. ఎందుకో చూడాలంటే రేల పువ్వు ఒకటి చేతిలోకి తీసుకోండి. పది కేసరాల్లో మూడింటి కాడలు పొడుగ్గా, ఇంగ్లీషు ఎస్ అక్షరంలా వంపు తిరిగి బయటికి పొడుచుకొస్తాయి. తంగేడు పువ్వులో కాడలకు ఆ వంపు ఉండదు.

ఇక్కడ కాసియా ఆరిక్యులేటా, సెన్నా ఆరిక్యులేటా రెండూ ఒకే టైప్ నమూనా (పేరుకు ఆధారంగా దాచిన అసలు నమూనా) మీద నిలబడ్డ పేర్లు. మొక్క అదే, ప్రజాతి మారింది. ఇలాంటివాటిని హోమోటైపిక్ పర్యాయాలు అంటారు. మొదట పెట్టిన పేరు బేసియోనిమ్. ఈ రెండూ ఒకే మొక్క పేర్లు అన్నదాంట్లో వాదనకు తావు లేదు.

నేరేడు దగ్గరికి వస్తే కథ మారుతుంది. లినేయస్ 1753లో పెట్టిన మిర్టస్ క్యుమినీని 1912లో స్కీల్స్ సైజీజియంలోకి మార్చాడు, అది హోమోటైపిక్. కానీ లామార్క్ 1789లో వేరే నమూనా చూసి యూజీనియా జంబోలానా అని విడిగా పేరు పెట్టాడు. తర్వాతివాళ్లు రెంటినీ పోల్చి ‘ఇదీ నేరేడే’ అన్నారు. ఇది హెటిరోటైపిక్ పర్యాయం, అంటే పరిశీలించి చెప్పిన అభిప్రాయం. రేపు ఎవరైనా కాదని రుజువు చేయొచ్చు. మధుమేహం మీద వచ్చిన పాత పరిశోధన పత్రాల్లో చాలావాటిలో నేరేడు యూజీనియా జంబోలానా పేరుతోనే కనిపిస్తుంది కాబట్టి ఈ లింకు లేని డేటాబేస్‌కు ఆ పత్రాలేవీ దొరకవు.

పర్యాయాల్లా కనిపించి పర్యాయాలు కానివీ ఉంటాయి. మొదటిది అక్షర దోషం. తిరుమల కొండల్లో పెరిగే కొండ కొత్తిమీర శాస్త్రీయ నామం పింపినెల్లా తిరుపతియెన్సిస్. ఊరి పేరు మనం ఇంగ్లీషులో రెండు రకాలుగా రాస్తాం కదా, ఆ అలవాటులో టీ తర్వాత హెచ్ చేర్చేస్తాం. అది ఇంకో పేరు కాదు, తప్పు స్పెల్లింగు మాత్రమే. దాన్ని పర్యాయం అని పంపించొద్దు, ‘అక్షర భేదం’ అని రాయండి. రెండోది పొరపాటు గుర్తింపు. ఎవరో తమ పుస్తకంలో ఒక మొక్కను చూసి ఇంకో మొక్క పేరు రాశారు. ఆ పేరు తప్పేమీ కాదు, దాన్ని వాడిన చోటే తప్పు. దీనికి డార్విన్ కోర్ లోకంలో ‘మిస్‌అప్లైడ్’ అనే హోదా ఉంది. దాన్ని సింపుల్‌గా సినానిమ్ అని పంపితే అసలు ఆ పేరున్న మొక్క కూడా వచ్చి మీ మొక్కలో కలిసిపోతుంది. మూడోది ఒకే పేరు, రెండు జీవులు. పలమనేరు వైపు పట్టుపురుగుల కోసం వేసే మల్బరీ ప్రజాతి మోరస్. గానెట్ అనే సముద్ర పక్షుల ప్రజాతి కూడా మోరసే. మొక్కల నియమావళి వేరు, జంతువుల నియమావళి వేరు కాబట్టి రెండూ చెల్లుతాయి. అందుకే ఏ వరసలోనైనా ‘కింగ్‌డమ్’ గడి ఖాళీగా వదలొద్దు.

జంతువులవాళ్లకు ఒక మాట. తిరుమల రాళ్ల సందుల్లో ఉండే బంగారు బల్లికి 1870లో బెడ్డోమ్ కేలోడాక్టైలస్ ఆరియస్ అని పేరు పెట్టాడు. ఆ ప్రజాతి పేరు అప్పటికే ఇంకో జంతువుకు ఉండటంతో 1926లో స్ట్రాండ్ దాన్ని కేలోడాక్టైలోడిస్‌గా మార్చాడు. బెడ్డోమ్ పేరూ 1870 సంవత్సరమూ ఇప్పుడు బ్రాకెట్లలో రాస్తారు. ఆ బ్రాకెట్లు అలంకారానికి పెట్టినవి కావు, ప్రజాతి మారిందని చెప్పే గుర్తు. ఎక్సెల్‌లో శుభ్రం చేస్తున్నామనుకుని వాటిని తీసేయకండి. (మన కొండల్లోనే ఉండే సైకస్ బెడ్డోమీ అనే మొక్కకు పేరు వచ్చింది కూడా ఈ అటవీ అధికారి మీదే.)

పేరుకో వరస

ఇప్పుడు షీటు తెరవండి. మనకు అలవాటైన పద్ధతిలో ఒక వరసలో సరైన పేరు రాసి, పక్కన ‘సినానిమ్స్’ అనే గడిలో కామాలు పెట్టి మిగతావన్నీ కుక్కుతాం. మనిషి చదవడానికి బాగానే ఉంటుంది, మెషీన్‌కు మాత్రం పనికిరాదు. డార్విన్ కోర్ పద్ధతిలో ప్రతి పేరుకూ సొంత వరస, సొంత ఐడీ ఉండాలి. ఈ ప్రమాణాన్ని టీడీడబ్ల్యూజీ అనే అంతర్జాతీయ సంస్థ 2009లో ఆమోదించింది. ప్రపంచ జీవవైవిధ్య డేటాను ఒకచోట చేర్చే జీబిఫ్ లాంటి పెద్ద సంస్థలన్నీ దీన్నే అడుగుతాయి.

గడుల పేర్లు ఇంగ్లీషులో, మాటల మధ్య ఖాళీ లేకుండా, ప్రమాణంలో ఉన్నట్టే రాయాలి. మొదటి మాట చిన్న అక్షరంతో మొదలవుతుంది, తర్వాతి మాటలు పెద్ద అక్షరంతో. మనకు తప్పనిసరిగా కావలసినవి ఇవి: ట్యాక్సన్ ఐడీ, సైంటిఫిక్ నేమ్, సైంటిఫిక్ నేమ్ ఆథర్‌షిప్, ట్యాక్సన్ ర్యాంక్, కింగ్‌డమ్, ఫ్యామిలీ, ట్యాక్సనామిక్ స్టేటస్, యాక్సెప్టెడ్ నేమ్ యూసేజ్ ఐడీ, ఒరిజినల్ నేమ్ యూసేజ్ ఐడీ, నేమ్ అకార్డింగ్ టు. చివరిదాన్ని అందరూ ఖాళీగా వదిలేస్తారు. నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే.

తంగేడుకు రెండు వరసలు వస్తాయి. మొదటి వరస ఐడీ టీపీటీ-0417 అనుకోండి. పేరు సెన్నా ఆరిక్యులేటా, కర్తల గడిలో బ్రాకెట్లో లినేయస్ సంక్షిప్తం, దాని పక్కన రాక్స్‌బర్గ్ సంక్షిప్తం. హోదా ‘యాక్సెప్టెడ్’. యాక్సెప్టెడ్ ఐడీ గడిలో తన ఐడీయే, టీపీటీ-0417. ఒరిజినల్ గడిలో టీపీటీ-0418. రెండో వరస టీపీటీ-0418: కాసియా ఆరిక్యులేటా, కర్త లినేయస్, హోదా ‘హోమోటైపిక్ సినానిమ్’, యాక్సెప్టెడ్ ఐడీ టీపీటీ-0417. రెండు వరసల్లోనూ నేమ్ అకార్డింగ్ టు గడిలో మీరు ఎవరి మాట తీసుకున్నారో రాయాలి. క్యూ గార్డెన్స్ నడిపే ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్ చూసి రాశారా? ఆ పేరూ, చూసిన తేదీ రాయండి. వరల్డ్ ఫ్లోరా ఆన్‌లైన్ చూశారా? అది రాయండి. మీ గైడ్ గారి అభిప్రాయమే అయితే ఆ థీసిస్ వివరం ఇవ్వండి. ‘ఇంటర్నెట్’ అని మాత్రం రాయకండి.

ఐడీలో పేరు ఇరికించకండి. ‘కాసియా-ఆరి-1’ లాంటి ఐడీ పెడితే పేరు మారిన రోజు ఐడీ కూడా మార్చాలనిపిస్తుంది. ఐడీ ఒకసారి ఇచ్చామంటే ఇచ్చినట్టే. ఆ వరస తప్పని తేలినా ఆ నంబరు ఇంకో పేరుకు ఇవ్వకూడదు.

గొలుసులు లేకుండా చూసుకోండి. దీనికి మన జాలారి మంచి ఉదాహరణ. పాత పుస్తకాల్లో షోరియా తాలూరా అని ఉంటుంది. తర్వాత దాన్ని షోరియా రాక్స్‌బర్గై కింద చేర్చారు. షోరియా ప్రజాతిని విడదీసి 2022లో ఆంథోషోరియా రాక్స్‌బర్గై అన్నారు. మీ పాత షీటులో తాలూరా వరస రాక్స్‌బర్గై వరసను చూపిస్తోంది. ఇప్పుడు రాక్స్‌బర్గై వరసను ఆంథోషోరియాకు కలిపి ఊరుకుంటే తాలూరా ఒక పర్యాయాన్ని చూపిస్తూ మిగిలిపోతుంది. పర్యాయం ఎప్పుడూ నేరుగా అంగీకృత పేరునే చూపాలి. ఒక ఫిల్టర్ పెట్టి, యాక్సెప్టెడ్ ఐడీ గడిలో ఉన్న ప్రతి నంబరూ ‘యాక్సెప్టెడ్’ హోదా ఉన్న వరసదేనా అని చూడండి. ఐదు నిమిషాల పని, అప్‌లోడ్ చేశాక వచ్చే తలనొప్పి చాలావరకు ఇక్కడే తగ్గుతుంది. జాలారి విషయంలో కొత్త పేరును మీరు ఒప్పుకోకపోయినా తప్పులేదు, షోరియా రాక్స్‌బర్గైనే అంగీకృత పేరుగా ఉంచి ఆంథోషోరియాను పర్యాయంగా పెట్టొచ్చు. ఎవరి ప్రకారమో చెప్పే గడి నింపితే చాలు.

ఫైలు సేవ్ చేసేటప్పుడు మామూలు సీఎస్‌వీ కాకుండా ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ ఎంచుకోండి. లేకపోతే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలవుతాయి, జర్మన్ కర్తల పేర్లలో అక్షరాల మీది చుక్కలూ పోతాయి. పాత థీసిస్‌ల సాఫ్ట్ కాపీల్లో తెలుగు పేర్లు డీటీపీ ఫాంట్లలో ఉంటే కాపీ పేస్టు పనిచేయదు. కన్వర్టర్‌లో వేసి, అయినా ఒత్తులూ దీర్ఘాలూ ఒకసారి కళ్లతో చూసుకోవాలి.

తెలుగు పేర్లు విడి ఫైల్లో

తెలుగు పేర్లను శాస్త్రీయ నామాల షీటులో కలపకండి. డార్విన్ కోర్‌లో వీటికి వెర్నాక్యులర్ నేమ్ అనే అనుబంధ పట్టిక ఉంది. అందులో ట్యాక్సన్ ఐడీ, పేరు, భాష కోడ్, ప్రాంతం ఉంటాయి. తెలుగు కోడ్ ఇంగ్లీషులో టీ, ఈ అనే రెండు చిన్న అక్షరాలు. ప్రాంతం గడి వదలొద్దు. గుగ్గిలం అని ఒక ఊళ్లో షోరియాను, ఇంకో ఊళ్లో బాస్వెల్లియాను అంటారు. కాబట్టి తెలుగు పేరును పట్టుకుని రెండు డేటాబేస్‌లను ఎప్పుడూ జత చేయకూడదు. అవి మనుషులు వెతుక్కోవడానికే.

బయటి డేటాబేస్‌లతో జత చూడడం

జీబిఫ్ వెబ్‌సైట్‌లో టూల్స్ కింద స్పీసీస్ మ్యాచింగ్ అనే పనిముట్టు ఉంది. సైంటిఫిక్ నేమ్ గడి ఉన్న సీఎస్‌వీ ఇస్తే ప్రతి పేరుకూ తన దగ్గరి జత చూపిస్తుంది. కర్త పేరుతో సహా ఇవ్వండి, కింగ్‌డమ్ కూడా ఇవ్వండి. జవాబులో మ్యాచ్ టైప్ అనే గడి చూడాలి. ‘ఎగ్జాక్ట్’ అంటే అక్షరం పొల్లు పోకుండా దొరికింది. ‘ఫజీ’ అంటే కాస్త అటూ ఇటూగా దొరికింది, మన కొండ కొత్తిమీర హెచ్ ఇక్కడే బయటపడుతుంది. ‘హయ్యర్ ర్యాంక్’ అంటే జాతి దొరకలేదు, ప్రజాతో కుటుంబమో మాత్రమే దొరికింది. పచ్చగా ఏదో ఒక పేరు కనిపించింది కదా అని దాన్నే జతగా రాసేసుకుంటే మీ అరుదైన మొక్కలన్నీ ప్రజాతి పేర్లయి కూర్చుంటాయి. ‘నన్’ అంటే సరేసరి. ఎగ్జాక్ట్ వచ్చినవి మినహా మిగతావన్నీ ఒక్కొక్కటిగా చేత్తో చూడాల్సిందే.

జీబిఫ్ జవాబులో ఆ పేరు అంగీకృతమా, పర్యాయమా, అనుమానాస్పదమా అని కూడా వస్తుంది. మీ షీటులో ఉన్నదానికీ దానికీ తేడా వస్తే మీదే తప్పని అనుకోకండి. ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్, వరల్డ్ ఫ్లోరా, క్యాటలాగ్ ఆఫ్ లైఫ్ ఈ మూడూ కూడా ఒకదానితో ఒకటి అన్నిచోట్లా ఏకీభవించవు. తేడాను రిమార్క్స్ గడిలో రాసి ముందుకు పోండి.

దొరికిన జతల ఐడీలు రాసుకోండి. మొక్కల పేర్లకు ఐప్నీ అనే అంతర్జాతీయ పేర్ల సూచిక ఇచ్చే ఐడీ మంచిది. ఎందుకంటే అది పేరుకు ఇచ్చిన ఐడీ, అంగీకృతమా కాదా అన్న గొడవలోకి వెళ్లదు. కాసియా ఆరిక్యులేటాకు ఒకటి, సెన్నా ఆరిక్యులేటాకు ఇంకొకటి ఉంటాయి. జంతువుల పేర్లకు జూబ్యాంక్ ఉంది, కానీ పాత పేర్లన్నీ అందులో నమోదై లేవు.

లింకు ఏ మాటతో పెట్టాలి?

ఇక్కడికి కంప్యూటర్ స్నేహితుణ్ణి పిలవండి. అయితే పగ్గాలు మీ చేతిలోనే ఉంచుకోండి, ఎందుకంటే ఆయన మొదట రాసేది దాదాపు ఖాయంగా ‘ఔల్ సేమ్ యాజ్’. రెండు ఐడీలు ఒకటే అని చెప్పడానికి కంప్యూటర్‌వాళ్లకు అలవాటైన మాట అది. మన పనికి అది ప్రమాదం. ఔల్ ప్రమాణం ప్రకారం సేమ్ యాజ్ అంటే ఆ రెండూ ఒకే వస్తువు, ఒకదాని గురించి చెప్పిందంతా రెండోదానికీ వర్తిస్తుంది. కాసియా ఆరిక్యులేటా పేరుకూ సెన్నా ఆరిక్యులేటా పేరుకూ మధ్య సేమ్ యాజ్ పెడితే మెషీన్ నోరెత్తకుండా ఒప్పుకుని, ఈ ఒక్క పేరే 1753లోనూ 1832లోనూ అచ్చయిందనీ, ఇది అంగీకృతమూ పర్యాయమూ రెండూ అనీ తేల్చేస్తుంది. అలాంటి లింకులు నాలుగు డేటాబేస్‌ల మధ్య కలిస్తే ఇక విడదీయడం ఎవరి తరమూ కాదు.

పేరు వేరు, ఆ పేరుతో మనం గుర్తించే జీవి వేరు. ఈ రెంటినీ విడివిడి వస్తువులుగా ఉంచితే సగం చిక్కులు పోతాయి. పేర్ల మధ్య సంబంధాలకు డార్విన్ కోర్ మాటలే వాడండి: దీని అంగీకృత పేరు అది, దీని మూల పేరు ఇది. జీవుల మధ్య, అంటే మీ జాబితాలోని తంగేడుకూ క్యూ వాళ్ల జాబితాలోని తంగేడుకూ మధ్య సంబంధానికి స్కోస్ వాడండి. ఇది వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ 2009లో ఖరారు చేసిన ప్రమాణం. గ్రంథాలయాల విషయ సూచికల్లాంటివాటి కోసం చేసినా మన పనికి బాగా సరిపోతుంది.

స్కోస్‌లో మనకు పనికొచ్చే మాటలు నాలుగు. ‘ఎగ్జాక్ట్ మ్యాచ్’ అంటే రెండు చోట్లా ఒకే పరిధి ఉన్న జాతి అని గట్టి నమ్మకం. ఇది ఒకదాని నుంచి ఇంకోదానికి పాకుతుంది: మీది క్యూ వాళ్లదానికి, వాళ్లది వరల్డ్ ఫ్లోరాకు ఎగ్జాక్ట్ అయితే మీదీ వరల్డ్ ఫ్లోరాకు ఎగ్జాక్ట్ అయినట్టే. అందుకే చేయి కాస్త బిగించి వాడాలి. ‘క్లోజ్ మ్యాచ్’ అలా పాకదు. అనుమానం ఏ కాస్త ఉన్నా ఇదే పెట్టండి, తర్వాత పెంచుకోవచ్చు. మిగతావి ‘బ్రాడ్ మ్యాచ్’, ‘న్యారో మ్యాచ్’. నల్లతుమ్మ చూడండి. మీరు కొలిచింది ఇండికా అనే ఉపజాతి ఒక్కటే, బయటి డేటాబేస్‌లో ఉన్నది వాచెలియా నైలోటికా మొత్తం జాతి. అప్పుడు మీ వరస నుంచి వాళ్ల వరసకు బ్రాడ్ మ్యాచ్, అంటే ‘నాకంటే విశాలమైనది అక్కడుంది’ అని. దీన్ని తిరగేసి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, రాసిన ప్రతిసారీ ఈ వాక్యం పైకి చదువుకుని చూడండి. (తుమ్మ అకేసియాలోంచి వాచెలియాలోకి ఎందుకు పోయిందంటే, 2005లో వియన్నాలో జరిగిన వృక్షశాస్త్ర మహాసభ అకేసియా పేరును ఆస్ట్రేలియా చెట్లకు ఉంచేసింది, 2011లో మెల్‌బోర్న్‌లో దాన్నే ఖాయం చేశారు. మన పల్లెల్లో తుమ్మ తుమ్మగానే ఉంది.)

పేర్ల పట్టీలకూ స్కోస్‌లో చోటుంది. ఒక జీవికి ఒక భాషలో ‘ప్రెఫ్ లేబుల్’ ఒక్కటే ఉండాలి, మిగతావి ‘ఆల్ట్ లేబుల్’. తెలుగు లేబుల్‌కు తెలుగు కోడ్ తగిలించండి. శాస్త్రీయ నామాలకు ఇంగ్లీషు కోడ్ తగిలించకండి, అవి ఇంగ్లీషు మాటలు కావు.

మారని చిరునామా

ప్రతి ఐడీకీ ఒక వెబ్ చిరునామా కావాలి. అది కాలేజీ వెబ్‌సైట్ కింద పెడదామనిపిస్తుంది. వద్దు. కాలేజీ సైటు చేసే కాంట్రాక్టరు మారిన మరుసటి రోజే ఆ లింకులన్నీ ‘పేజీ దొరకలేదు’ అంటాయి. డబ్ల్యూ3ఐడీ అనే ఉచిత సేవ ఉంది. అక్కడ మీకొక శాశ్వత చిరునామా తీసుకుని, అసలు పేజీలు ఎక్కడుంటే అక్కడికి మళ్లించుకోవచ్చు. సర్వర్ మారితే ఆ ఒక్క మళ్లింపు మారిస్తే సరి, బయటివాళ్లు రాసుకున్న లింకులు అలాగే పనిచేస్తాయి. అక్కడ నమోదు గిట్‌హబ్ ద్వారా చేయాలి, మీ స్నేహితుడికి అది తెలిసే ఉంటుంది.

ఆ చిరునామా తెరిస్తే మనిషికి పేజీ, మెషీన్‌కు డేటా దొరకాలి. సులువైన దారి పేజీలోనే జేసన్-ఎల్‌డీ అనే, మెషీన్ చదివే డేటా ముక్క పెట్టడం. దానికి జీవశాస్త్ర పేజీల నమూనాలు చేసే బయోస్కీమాస్ వాళ్లు ట్యాక్సన్, ట్యాక్సన్ నేమ్ అని నమూనాలు ఇచ్చారు, వాటిని చూసి రాసుకోండి. అందులో కూడా ‘సేమ్ యాజ్’ అనే గడి కనిపిస్తుంది, కంగారు పడకండి. అది వెబ్ పేజీల డేటాకు మాటలు ఇచ్చే స్కీమా డాట్ ఆర్గ్‌వాళ్ల మాట. ఈ వస్తువు ఫలానా అని గుర్తుపట్టడానికి ఒక ప్రామాణిక పేజీని చూపించడం దాని పని. ఔల్ వాళ్ల దానంత గట్టిది కాదు.

ప్యాక్ చేసి పంపడం

డార్విన్ కోర్ ఆర్కైవ్ అంటే ఒక జిప్ ఫైలు. అందులో పేర్ల పట్టిక, తెలుగు పేర్ల పట్టిక, ఏ గడి ఏ మాటకు చెందుతుందో చెప్పే మెటా ఫైలు, ఈ జాబితా ఎవరు ఎప్పుడు ఎందుకు చేశారో చెప్పే ఈఎంఎల్ ఫైలు ఉంటాయి. చేత్తో రాయక్కర్లేదు, జీబిఫ్ ఉచితంగా ఇచ్చే ఐపీటీ అనే సాఫ్ట్‌వేర్ మీ సీఎస్‌వీలు తీసుకుని అదే తయారుచేస్తుంది. జీబిఫ్‌లో ప్రచురించాలంటే మీ సంస్థను అక్కడ నమోదు చేయించి ఆమోదం తెచ్చుకోవాలి, వ్యక్తిగా కుదరదు. ఆ కాగితాలు నడిచేలోపు అదే జిప్‌ను జెనోడోలో పెట్టండి. సెర్న్ నడిపే ఈ సైటులో వ్యక్తులూ పెట్టొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, డీఓఐ అనే శాశ్వత గుర్తింపు సంఖ్య వెంటనే వస్తుంది. కొత్త వెర్షన్ పెట్టినప్పుడు దానికి వేరే డీఓఐ వస్తుంది, అన్ని వెర్షన్లకూ కలిపి ఇంకొకటి ఉంటుంది. థీసిస్‌లో ఏ వెర్షన్ వాడారో దాని డీఓఐ రాయండి.

లైసెన్సు దగ్గర సీసీ-జీరో (ఎవరైనా ఏ షరతూ లేకుండా వాడుకోవచ్చని) పెట్టడమే మేలు. పేర్ల జాబితాను వేరే డేటాబేస్‌లు కలుపుకోవాలనే కదా ఈ పాట్లన్నీ. పేరు రావాలని గట్టిగా ఉంటే సీసీ-బై పెట్టండి. ‘వాణిజ్యానికి వాడకూడదు’ అనే షరతు పెడితే కలుపుకోవాలనుకున్నవాళ్లలో కొందరు పక్కకు తప్పుకుంటారు.

రెండు జాగ్రత్తలు. ఎర్రచందనం, అంటే టెరోకార్పస్ శాంటలైనస్, 1995 నుంచి సైటిస్ (అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. సైకస్ బెడ్డోమీ మొదటి అనుబంధంలోనే ఉంది. ఇలాంటి వాటికి పర్యాయాలు తప్పక ఇవ్వండి, ఎర్రచందనానికి కుంట్జే పెట్టిన లింగోయం శాంటలైనమ్ అనే పేరు కూడా ఉంది. ఎవరూ వాడని పేరని వదిలేయొద్దు, చట్టం పట్టికలతో జత చూసేది మెషీన్ కాబట్టి దానికి అన్నీ కావాలి. కానీ పేర్ల ఫైల్లో జీపీఎస్ అంకెలు మాత్రం పెట్టకండి. పర్యాయాలు పంచుకోవడానికి చెట్టు ఎక్కడుందో చెప్పే అవసరమే లేదు, ఆ సమాచారం ఎవరికి కావాలో మనకు తెలియనిది కాదు.

రెండోది, హెర్బేరియం షీటు మీద ఉన్నదాన్ని ఉన్నట్టే ఎక్కించండి. లేబుల్ మీద ‘ఉత్తర ఆర్కాటు’ అని ఉంటే అదే, ‘చిత్తూరు జిల్లా’ అని ఉంటే అదే. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది, 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా విడిపోయింది, దానికి తగ్గట్టు లేబుల్ మార్చేయకండి. వెర్బాటిమ్ లొకాలిటీ గడిలో పాతది, ఇప్పటి జిల్లా పేరు వేరే గడిలో.

ఏడాదికి ఒకసారి అదే సీఎస్‌వీని మళ్లీ జీబిఫ్ మ్యాచింగ్‌లో వేసి, గతేడాది జవాబుతో పక్కపక్కన పెట్టి చూడండి. హోదా మారిన పేర్లు మాత్రమే విడిగా తీసి, ఎందుకు మారాయో చదివి, మీకు నచ్చితే మీ వరస మార్చి తేదీ వేయండి. బయటి డేటాబేస్‌లోనే తప్పుందనిపిస్తే వాళ్లకు రాయండి. జీబిఫ్ జాతి పేజీలోనే ఫిర్యాదు చేసే చోటుంది, ఐప్నీకీ ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్‌కూ ఈమెయిల్ పంపొచ్చు. పేరు మొదట అచ్చయిన పేజీ ఫొటోనో, హెర్బేరియం షీటు స్కానో జత చేస్తే పని త్వరగా అవుతుంది. ‘మా కొండల్లో అందరూ ఇలాగే అంటారు’ అని రాస్తే జవాబు రాదు.